తాడు లాగిన గట్టు మీద ఒక ఉదయం

మా అమ్మను రోజూ అరగంట నడవమని డాక్టరు చెప్పి రెండేళ్ళయింది. తిరుపతిలో మా ఇంటికి దగ్గర్లోనే పార్కు ఉంది. పొద్దున్నే తీసుకుపోతే నాలుగు చుట్లు తిరిగి, "ఇదేం నడకే, గానుగెద్దు మాదిరి తిరిగిన చోటే తిరగడం" అని బెంచీ మీద కూర్చునేది. ఆ వెంటనే వచ్చే మాట కూడా నాకు కంఠతా వచ్చు. "మా ఊళ్ళో కాలవ గట్టు ఎక్కితే నడిచినట్టే ఉండదు."

అమ్మ పుట్టిల్లు వాకాడు మండలంలో, సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక చిన్న ఊరు. ఊరు దాటగానే బకింగ్‌హాం కాలువ. ఊళ్ళో ఆ పేరు ఎవరూ అనరు. పెద్దవాళ్ళకు అది 'పడవల కాలవ', మిగతావాళ్ళకు ఊరికే 'కాలవ'. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారినప్పుడు ఆ ఊరు నెల్లూరు జిల్లా నుంచి మా తిరుపతి జిల్లాలోకి వచ్చింది. అమ్మ మాత్రం ఇప్పటికీ "నెల్లూరు జిల్లాకు పోతున్నా" అనే అంటుంది. చిన్నప్పుడు సెలవుల్లో, పెళ్ళిళ్ళకు నేనూ ఆ ఊరికి పోయేదాన్ని. కాలువలో కాళ్ళు కడుక్కున్నాను, ఒడ్డున ఆడుకున్నాను. గట్టు మీద పనిగట్టుకుని నడిచింది మాత్రం ఒక్కసారి కూడా లేదు.

మొన్న సంక్రాంతి అయిపోయాక ఒక శనివారం అమ్మను తీసుకుని బయలుదేరాను. ఒక పూట గట్టు మీద నిదానంగా నడవాలి, అంతే. గుడి, పెళ్ళి, చావు ఏదీ లేకుండా అమ్మ పుట్టింటికి పోవడం నాకు గుర్తున్నంతలో అదే మొదలు.

తిరుపతి నుంచి బస్సులో శ్రీకాళహస్తి మీదుగా నాయుడుపేట, అక్కడినుంచి వాకాడు వైపు. మామయ్య కొడుకు బండి తెచ్చాడు. చేరేసరికి సాయంత్రమైంది. మామయ్యకు డెబ్బై తొమ్మిదేళ్ళు. అమ్మకంటే ఆరేళ్ళు పెద్ద. విషయం ఫోన్లో ముందే చెప్పాను గానీ ఆయన నమ్మినట్టు లేదు. "నడవడానికేనా అమ్మణ్ణీ ఇంత దూరం వచ్చింది?" అని రెండుసార్లు అడిగాడు. అవునన్నాక లోపలికి పోయి, అటక మీద చేయి పెట్టి చాలాసేపు వెతికి, పాత పంచె గుడ్డలో చుట్టిన ఒక కర్ర తెచ్చి నా చేతిలో పెట్టాడు.

మూరెడు పొడవు, బొటనవేలు కంటే కాస్త లావు. మధ్యలో చుట్టూ గాడి పడి ఉంది. రెండు కొసలూ అద్దంలా నునుపెక్కాయి. "మా తాతది. తాడు కొసన దీన్ని కట్టి, రొమ్ముకు అడ్డంగా పెట్టుకుని లాగేవాళ్ళు. భుజానికైతే తువ్వాలు నాలుగు మడతలేసి వేసుకునేవాళ్ళు. ఈ గాడి తాడు కోసింది." నేను దాన్ని నా గుండెల మీద అడ్డంగా పెట్టి చూసుకున్నాను. ఎముకకు చల్లగా తగిలింది. అమ్మ మంచం మీద నుంచి లేచి వచ్చి చూసి, ఏమీ అనకుండా దాని కొస మీద వేలితో రాసింది. అలాంటి వస్తువు ఇంట్లో ఉందని అమ్మకూ తెలియదట.

రాత్రి భోంచేస్తుండగా మామయ్య చెప్పవలసినవన్నీ చెప్పేశాడు. అయిదున్నరకు బయటపడాలి. ఎనిమిది దాటితే ఎండ నిలవనీయదు, గట్టు మీద నీడ ఉండదు. చెప్పులు వద్దు, బూట్లు వేసుకోవాలి, ఎందుకంటే గట్టు నిండా సర్కారు తుమ్మ ముళ్ళు. కాలువ నీళ్ళు ఉప్పు, మొహానికి కూడా పనికిరావు, తాగే నీళ్ళు మనమే మోసుకోవాలి. ఒడ్డున వలలు ఆరేసి ఉంటే దాటకుండా చుట్టూ తిరిగి పోవాలి. ఎవరైనా కనిపిస్తే ఎవరింటి వాళ్ళమో మనమే ముందు చెప్పాలి. వానాకాలం ఈ మాట అడిగి ఉంటే రావద్దనేవాణ్ణి అని కూడా అన్నాడు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఆ తీరానికి తుపాన్ల టెన్షన్ ఎలాగూ ఉంటుంది, గట్టు మట్టి కూడా అరికాలికి అంటుకుని వదలదు. జనవరి, ఫిబ్రవరి మంచివి. మట్టి గట్టిపడి ఉంటుంది, గాలి చల్లగా ఉంటుంది, పిట్టలు ఉంటాయి.

తెల్లారకముందే అత్తయ్య సద్దన్నంలో మజ్జిగ పోసి, ఎర్రగడ్డ ముక్కలు పెట్టి ఇచ్చింది. తిని బయలుదేరాం. నేను, అమ్మ, మామయ్య. అమ్మ బూట్లు వేసుకోలేదు. "నా ఊరి మట్టికి నాకు బూట్లా" అంది. బతిమాలినా వినలేదు.

ఊరి చివర చిన్న వంతెన దిగి కుడి చేతికి తిరిగితే గట్టు. మంచులో కాలువ అంచులు సరిగా కనిపించడం లేదు. ముందు వాసన వచ్చింది. ఉప్పు, బురద, ఎండు చేప కలిసిన వాసన. అమ్మ గట్టిగా ఊపిరి పీల్చింది. గట్టు మీద సన్నటి కాలిబాట, ఇద్దరు పక్కపక్కన నడవగలిగినంత వెడల్పు. నీళ్ళకు నిలువెత్తు పైన ఉంది. కుడి పక్క కాలువ, ఎడమ పక్క కింద వరిచేలు. కాస్త దూరంలో సరుగుడు తోటలు నల్లగా వరస కట్టి ఉన్నాయి. తూర్పున సముద్రం కనిపించదు, హోరు మాత్రం వినిపిస్తుంది.

పదడుగులు వేశాక మామయ్య ఆగి, చేతికర్రతో నేలను తట్టాడు. "ఇది మనుషులు నడవడానికి వేసిన బాట కాదు అమ్మణ్ణీ. పడవ నడవడానికి వేసింది." ఆ మాట అప్పటికి నాకు పూర్తిగా అర్థం కాలేదు. ఆ తర్వాత రెండు గంటల పాటు ఆయన చెబుతూ పోయాడు.

గాలి అనుకూలంగా ఉంటే తెరచాప ఎత్తేవాళ్ళు. లోతు తక్కువగా ఉన్న చోట గడలు పొడిచేవాళ్ళు. గాలి ఎదురు తిరిగితేనో, అసలు లేకపోతేనో ఇద్దరు ముగ్గురు కళాసులు ఒడ్డుకు దూకి తాడు అందుకునేవాళ్ళు. సరంగు చుక్కాని దగ్గర ఉండేవాడు. తాడును పడవ ముక్కుకు కట్టేవాళ్ళేమో అని నేను అనుకున్నాను. మామయ్య తల అడ్డంగా ఊపాడు. ముక్కుకు కడితే లాగిన కొద్దీ పడవ ఒడ్డుకే వచ్చి గుద్దుకుంటుంది, తాడు కూడా ఒడ్డునున్న పొదలన్నింటికీ రాసుకుంటుంది. అందుకే తెరచాప కొయ్యకు ఎత్తులో కట్టేవాళ్ళు. బాటకూ నీళ్ళకూ మధ్య చెట్టు మొలవనిచ్చేవాళ్ళు కాదు. తాటిచెట్లయినా వేపచెట్లయినా అన్నీ బాటకు అవతలి పక్కే. అప్పుడు చూశాను. నిజంగానే పాత తాటిచెట్లన్నీ ఎడమ పక్కే ఉన్నాయి. కుడి పక్క నీళ్ళ అంచున ఉన్నది అంతా ఈమధ్య పెరిగిన సర్కారు తుమ్మ. తాడు తిరగడం ఎప్పుడు మానేసిందో ఆ తుమ్మల వయసును బట్టి చెప్పవచ్చు అనిపించింది.

"ఎదురుగా ఇంకో పడవ వస్తే?" అని అమ్మ అడిగింది. అమ్మకు జవాబు తెలుసు, అన్న నోట వినాలని అడిగింది. "ఒకళ్ళు ఆగి తాడు వదులు చెయ్యాలి. అది నీళ్ళలోకి జారుతుంది. రెండో పడవ దాని మీద నుంచి పోతుంది. ఎవరు ఆగాలనే దాని మీద కొట్లాటలు కూడా అయ్యేవి. సరుకుతో ఉన్న పడవకే దారి ఇవ్వాలని మా తాత అనేవాడు." ఇది ఉప్పునీటి కాలువ కాబట్టి సముద్రంతో పాటే దీనికీ పోటు, ఆటు ఉంటాయి. నీటి వాలు ఎటు ఉందో చూసుకుని బయలుదేరేవాళ్ళు. వాలు ఎదురైతే రేవులో పడవ కట్టేసి వంట మొదలుపెట్టేవాళ్ళు. ఆ వేళలు మామయ్యకు ఇప్పటికీ తెలుసు. నీళ్ళ వైపు ఒకసారి చూసి, "ఇప్పుడు ఎక్కుతున్నాయి, ఇంకో గంటకు నిలబడతాయి" అన్నాడు. తిరిగి వచ్చేటప్పుడు చూస్తే ఒడ్డు బురద మీద తడి గీత అలాగే పైకి వచ్చి ఉంది.

పోవడానికి ముందు నేను కాలువ గురించి కొంత చదువుకున్నాను. మద్రాసులో బేసిల్ కాక్రేన్ అనే స్కాట్లండు వ్యాపారి 1806లో ఎన్నూరు దాకా తవ్వించడంతో ఇది మొదలైంది. చాలాకాలం ఆయన పేరుతోనే పిలిచారు. 1837లో ప్రభుత్వం తీసుకుంది. తర్వాత ఉత్తరాన కృష్ణా డెల్టా అంచున పెదగంజాం వరకూ, దక్షిణాన మరక్కాణం వరకూ పెంచుకుంటూ పోయారు. మొత్తం 420 కిలోమీటర్లు. అందులో 257 కిలోమీటర్లు మన ఆంధ్రలోనే ఉంది. పెదగంజాం దగ్గర కొమ్మమూరు కాలువలో కలుస్తుంది కాబట్టి కాకినాడలో పడవ ఎక్కిన మనిషి, సముద్రంలోకి పోకుండానే, కాలువల మీద కాలువలు మారుతూ మద్రాసులో దిగగలిగేవాడు.

పేరు మాత్రం కరువు వల్ల వచ్చింది. 1876-78లో మద్రాసు ప్రెసిడెన్సీ అంతటా జనం ఆకలితో చచ్చిపోతుంటే, పని కల్పించడానికి మద్రాసు నగరంలో కూవం, అడయారు నదుల మధ్య 8 కిలోమీటర్ల కాలువ తవ్వించారు. ఉత్తరపు కాలువ, దక్షిణపు కాలువ అలా కలిశాయి. అప్పటి గవర్నరు బకింగ్‌హాం డ్యూక్ పేరు మొత్తానికి పెట్టారు. ఈ మాట చెబుతుంటే అమ్మ ఆగింది. "ధాత కరువా?" అని అడిగింది. ధాత నామ సంవత్సరంలో వచ్చింది కాబట్టి పెద్దవాళ్ళు ఆ కరువును అలా పిలిచేవాళ్ళు. అమ్మకు వాళ్ళ నానమ్మ నోట విన్న మాట అది. చింతగింజలు ఉడకబెట్టుకు తిన్నారనీ, పిల్లల్ని గంజి దొడ్ల దగ్గర వదిలేసి పోయారనీ ఆమె చెప్పేదట. ఎవరి పొట్ట ఎండి ఆ మట్టి తవ్వారో వాళ్ళ పేర్లు ఒక్కటీ మిగల్లేదు, తవ్వించినాయన పేరు మిగిలింది. అది నాకు ఆ పొద్దంతా మనసులో ముల్లులా ఉండిపోయింది.

వెలుగు వచ్చాక కాలువ బాగా కనిపించింది. కొన్ని చోట్ల నిండుగా, కొన్ని చోట్ల పూడిపోయి గడ్డి మొలిచి ఉంది. నడుము లోతు నీళ్ళలో ఒక యానాది జంట చేతులతో అడుగు తడుముతూ రొయ్యలు పడుతున్నారు. వల లేదు. మెడలో వేలాడే చిన్న బుట్ట, అంతే. మామయ్య చెప్పినట్టే అమ్మ ముందుగా ఫలానా వాళ్ళ ఆడపడుచునని చెప్పి, "ఏమన్నా దొరుకుతున్నాయా అమ్మా?" అని పలకరించింది. "యాడ దొరుకుతాయమ్మా, రొయ్యల చెరువుల మందు నీళ్ళు దీంట్లోకే ఇడుస్తుండారు. మా అమ్మ దినాల్లో గంటలో బుట్ట నిండేది" అంది ఆమె, చేతులు ఆపకుండానే. అయినా బుట్ట ఎత్తి చూపించింది. అడుగున గుప్పెడు రొయ్యలు ఎగురుతున్నాయి.

అక్కడే ఒక విరిగిన తూము మీద కూర్చుని నీళ్ళు తాగాం. మామయ్య తన మద్రాసు ప్రయాణం చెప్పింది అక్కడే. నేను ఎన్నో ఏళ్ళుగా ఆయన్ను చూస్తున్నాను, ఈ సంగతి ఎప్పుడూ వినలేదు.

అప్పుడు ఆయనకు పదేళ్ళు. 1957 కావచ్చు. తాత సరంగుగా ఉన్న పడవలో సరుగుడు కట్టెలు నింపుకుని మద్రాసుకు పోతుంటే ఏడ్చి వెంట పడ్డాడు. ఆ రోజుల్లో మద్రాసు పొయ్యిల్లోకి కట్టెలు ఈ తీరం నుంచే పోయేవి. శ్రీహరికోట అడవి నుంచి కూడా పడవల నిండా పోయేవి. ఇప్పుడు రాకెట్లు లేచే ఆ దీవిని 1969లో అంతరిక్ష కేంద్రం కోసం తీసుకున్నారు. అంతకుముందు అది కట్టెల దీవి. గాలి కుదిరితే మద్రాసుకు మూడు రోజులు, కుదరకపోతే వారం. ఆ ప్రయాణానికి అయిదు రోజులు పట్టిందట. రాత్రుళ్ళు కట్టెల మీద గోనెపట్టా పరుచుకుని పడుకునేవాడు. నది అడ్డం వచ్చిన చోట లాకులు. తలుపులు మూసి, నీళ్ళు సమానమయ్యేదాకా పడవలు వరసగా ఆగేవి. అక్కడే బెల్లం, పొగాకు, ఊళ్ళ కబుర్లు చేతులు మారేవి. పులికాట్‌లోకి రాగానే ఒడ్డు మాయమై చుట్టూ నీళ్ళే కనిపించేసరికి భయపడి తాత పంచె పట్టుకున్నాడట.

"ఒక పూట నేనూ లాగుతానని పట్టుబట్టినా. తాత ఈ కర్ర నా రొమ్ముకు పెట్టి, తాడు కొస కట్టి వెనక నిలబడ్డాడు. ఎంత లాగినా పడవ కదల్లే. 'లాగొద్దురా, వాలు' అన్నాడు. ఒళ్ళంతా ముందుకు వాల్చి ఊరికే నిలబడమన్నాడు. నిలబడినా. కాసేపటికి తాడు బిగిసింది. ఇంకాసేపటికి పడవ కదిలింది. అది కదిలాక ఆగదు. నువ్వు అడుగు తీసి అడుగు వెయ్యాలి, అంతే. తొందరపడితే తెగిపోయేది నువ్వే."

మామయ్య లేచి నిలబడి చూపించాడు కూడా. డెబ్బై తొమ్మిదేళ్ళ మనిషి, చేతులు వెనక్కి వదిలేసి, గుండె ముందుకు వాల్చి, గట్టు మీద నాలుగు అడుగులు వేశాడు. చాలా మెల్లగా. ఆ నాలుగు అడుగులు చూశాక, అప్పటిదాకా మేము నడిచింది ఎంత వేగంగా నడిచామో తెలిసింది. అక్కడినుంచి నేను ఆయన అడుగు చూసి నా అడుగు వేశాను. కాలికింద మట్టి తేడా తెలిసింది. బాట మధ్యభాగం కాస్త పల్లంగా, గట్టిగా ఉంది. మడమ ఆ పల్లంలోకి దానంతట అదే పోతుంది. అన్నేళ్ళ వానలకు అది అలాగే ఉంటుందా, ఇప్పటి గొర్రెలూ మనుషులూ తొక్కి అలా అయిందా అని నేను వాదించదలచుకోలేదు. నా కాలికి అది ముత్తాత బాటే.

1960-61లో ఉత్తర బకింగ్‌హాం కాలువలో 1,237 పడవలు తిరిగాయనీ, 18,737 మంది ప్రయాణం చేశారనీ, రెండు లక్షల టన్నులకు పైగా సరుకు పోయిందనీ నేను చదివిన లెక్క చెప్పాను. మామయ్య ముఖం విచ్చుకుంది. "ఆ పన్నెండు వందల్లో మాదొకటి" అన్నాడు. ఆ తర్వాత 1965, 66 తుపాన్లు గట్లు తెంపాయి, ఇసుక మేట వేసింది. 1976 తుపాను మిగిలింది కూడా ముగించింది. ప్రయాణికులను రైలు అంతకుముందే లాగేసుకుంది. మద్రాసు నుంచి బెజవాడకు 1899లోనే రైలు వచ్చేసింది. లారీలు సరుకునూ తీసుకుపోయాయి. తాత చివరి రోజుల్లో పడవను ఒడ్డుకు లాగి, పలకలు విప్పి, ఇంటికి తలుపులు చేయించాడట. రాత్రి మేము పడుకున్న గది తలుపు అదేనని అప్పుడు చెప్పాడు. 2008లో ఈ కాలువను జాతీయ జలమార్గం-4లో చేర్చారు. పేపర్లో వచ్చిన ఆ ముక్కను మామయ్య కత్తిరించి దాచుకున్నాడు. మళ్ళీ పడవలు వస్తాయని ఎదురుచూశాడు. ఇప్పటికీ చూస్తున్నాడు.

ఇంకో కిలోమీటరు పోయేసరికి బాట తెగిపోయింది. రొయ్యల చెరువు వాళ్ళు గట్టును అడ్డంగా తవ్వి లావు పైపులు వేసుకున్నారు. దాని ముందు ముళ్ళకంప అడ్డం పెట్టారు. నాకు చాలా కోపం వచ్చింది. ఎన్నో తరాలుగా మనుషులు నడుస్తున్న దారిని ఒక చెరువు కోసం మూసేయడానికి ఎవరికి చేతులు వచ్చాయో. చెరువు దగ్గర కాపలా ఉన్న కుర్రవాడు మంచివాడు. అమ్మ వయసు చూసి, కంప పక్కకు లాగి, చెరువు కట్ట మీదుగా చుట్టూ తీసుకుపోయాడు. ఆ కంప దాటేటప్పుడే అమ్మ చెప్పులోంచి ముల్లు దిగింది. రెండంగుళాల ముల్లు, నిలువునా. గట్టు మీద కూర్చోబెట్టి మామయ్య పిన్నీసుతో తీశాడు. డెబ్బై మూడేళ్ళ చెల్లెలు కాలు ఒళ్ళో పెట్టుకుని, "చిన్నప్పుడూ ఇంతే, చెప్పిన మాట వినదు" అని తిడుతూ తీశాడు. అమ్మ నొప్పికి కళ్ళు మూసుకునే నవ్వుతోంది.

గట్టు మీద నడవాలనుకుని ఎవరైనా పోతే ఇది మాత్రం గుర్తుపెట్టుకోండి. బాట ఎక్కడినుంచి ఎక్కడిదాకా తెరిచి ఉందో ఆ ఊరివాళ్ళను ముందే అడగాలి. ఫోన్లో మ్యాపు చూస్తే కాలువ గీత తిన్నగా కనిపిస్తుంది, కంపలు కనిపించవు.

మేము తిరిగి రావడానికి ముందు చివరగా ఆగింది ఒక పాత రేవు దగ్గర. నాలుగు రాతి మెట్లు, సగం బురదలో. అవతల పల్లంలో నీళ్ళు నిలిచిన చోట గూడబాతులు, కొంగలు. చాలా దూరాన గులాబీ చారలా ఒక గుంపు. ఫ్లెమింగోలని మామయ్య అన్నాడు, నా కళ్ళకు చార మాత్రమే ఆనింది. ఆ మెట్ల మీద అమ్మ చాలాసేపు కూర్చుంది. తాత పడవ వచ్చే రోజున నానమ్మ అన్నం గిన్నెతో ఇక్కడే నిలబడేదట. ఆరేడేళ్ళ అమ్మ పక్కన నిలబడి తెరచాపలు లెక్కపెట్టేది. తాత పడవ చాపకు ఒక మూల నీలం గుడ్డ అతుకు ఉండేది. అది కనిపించగానే అరవడం అమ్మ పని.

సునామీ సంగతి అక్కడే వచ్చింది. 2004 డిసెంబరు 26, ఆదివారం పొద్దున. సముద్రం లేచి వచ్చిందని అరుపులు విని ఊరంతా పడమరకు పరిగెత్తారు. మామయ్య వంతెన దగ్గర ఆగి చూశాడట. నీళ్ళు ఇసుక దిబ్బలు దాటి వచ్చి కాలువలో పడ్డాయి. కాలువ అంచుదాకా పొంగింది. కొన్ని చోట్ల గట్టు దాటింది. పావుగంటలో మళ్ళీ వెనక్కి తీసింది. పెదగంజాం నుంచి చెన్నై దాకా దాదాపు 310 కిలోమీటర్ల పొడవునా ఈ కాలువ ఆ నీటిని ఇలాగే ఆపిందని తర్వాత పరిశీలించినవాళ్ళు రాశారు. "ఆ రోజు నుంచి దీంట్లో చెత్త వేసేవాళ్ళను నేను ఊరుకోను" అన్నాడు మామయ్య. ఆయన ఊరుకోడని నాకు తెలుసు. దారిలో రెండుసార్లు వంగి ప్లాస్టిక్ సీసాలు ఏరి సంచిలో వేసుకున్నాడు.

తిరుగుదారి త్వరగానే అయిపోయింది. ఎండ ఎక్కింది, అమ్మ కుంటుతోంది, తెచ్చిన నీళ్ళు అయిపోయాయి. మొత్తం మీద పోను రాను ఆరు కిలోమీటర్ల లోపే. మూడు గంటలకు పైగా పట్టింది. పార్కులో ఇరవై నిమిషాలకే బెంచీ వెతుక్కునే మనిషి, ముల్లు గుచ్చుకున్న కాలితో, వంతెన దాకా ఎక్కడా ఆగలేదు.

ఇంటికి రాగానే అత్తయ్య పసుపు, ఆముదం వేడిచేసి కాలికి పెట్టింది. మామయ్య ఆ కర్రను మళ్ళీ పంచె గుడ్డలో చుట్టి అటక మీద పెట్టేశాడు. ఒక ఫొటో తీసుకుంటానంటే తీసుకోమన్నాడు గానీ, కర్ర ఒక్కదాన్నే తీస్తే ఒప్పుకోలేదు. రొమ్ముకు అడ్డంగా పెట్టుకుని నిలబడి తీయించుకున్నాడు. ఆ పడవ తలుపు ముందు.

సాయంత్రం బస్సులో అమ్మ కిటికీ పక్కన కూర్చుంది. శ్రీకాళహస్తి దగ్గర స్వర్ణముఖి వంతెన మీదికి రాగానే నా చేయి తట్టింది. కింద ఇసుక, మధ్యలో సన్నగా ఒక పాయ నీళ్ళు.

"ఇది వాకాడు మీద నుంచే గదా సముద్రంలోకి పోయేది?" అంది.

"అవునమ్మా."

"అయితే దీని గట్టు పట్టుకుని పోయినా మా ఊరికి పోవచ్చు" అంది, చాలా సీరియస్‌గా. తర్వాత చెప్పు తీసి, అడుగున ముల్లు దిగిన చోటును వేలితో వెతుక్కుంటూ కూర్చుంది.